రాయని నీళ్ళు

వేసవి, 203వ రోజు

ఈ పుస్తకం హైమవతి టీచర్ ఇచ్చారు. రోజూ ఇందులో మూడు విషయాలు రాయాలట: ఏం అడిగాను, ఏం వచ్చింది, వచ్చినదాని మీద నా అనుమానం ఏమిటి. "అనుమానం లేకపోతేనో?" అన్నాను. "లేదంటే సరిగ్గా చూళ్ళేదని అర్థం" అన్నారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. నడుం వంగింది గానీ నోరు వంగలేదు.

మా కొత్తగట్టులో వాణి నోరు మూతపడి ఇరవై మూడు రోజులైంది. ఊళ్ళోకి వచ్చిన మొదటి రోజు నుంచీ ఏం కావాలన్నా గాల్లోకి అడిగేవాళ్ళం, గోడలోంచి వాణి చెప్పేది. ఎవరి వంతు నీళ్ళెంత, గాలి గొట్టాలు కడగాల్సింది ఎప్పుడు, కందిపప్పు ఎన్ని బస్తాలుంది, అన్నీ. ఈ ఎండకి దాని మాట్లాడే భాగం మాడిపోయింది. కొత్తది కావాలంటే భూమి నుంచి ఓడ రావాలి, అది నాలుగేళ్ళ మాట. వాణికి తెలిసినదంతా పట్టికల్లో పదిలంగానే ఉంది. దాన్ని అడగాలంటే మాత్రం పాతకాలపు ప్రశ్నల భాష, ఎస్‌క్యూఎల్ రావాలి. అది వచ్చిన మనిషి గట్టు మొత్తానికి హైమవతి టీచర్ ఒక్కరే.

అందుకని ఒక్కో విభాగం నుంచి ఒకరిని నేర్చుకోవడానికి పంపమన్నారు. వంటశాల నుంచి నన్ను తోశారు. నలభై ఒక్కేళ్ళకి మళ్ళీ పలక పట్టాను. పలక ఎందుకంటే కరెంటు తక్కువ, మనిషికి రోజుకి మూడు ప్రశ్నలే. ముందు పలక మీద రాసి, టీచర్‌కి చూపించి, అప్పుడు తెర దగ్గరికి వెళ్ళాలి.

"అడగందే అమ్మయినా పెట్టదు" అని మొదలుపెట్టారు టీచర్. "కాకపోతే అమ్మ నీ మొహం చూసి ఆకలి కనిపెడుతుంది. ఇది అలా కాదు, నువ్వు అడిగిందే పెడుతుంది. అందుకని మూడు ముక్కలు గుర్తుపెట్టుకోండి. ఏం కావాలి, అది సెలెక్ట్. ఎక్కడి నుంచి, అది ఫ్రమ్. ఏ షరతు మీద, అది వేర్."

వేర్ దగ్గర ఇంకో నియమం పెట్టారు. "షరతు పెట్టావంటే కొందరిని లోపలికి రానిచ్చి, మిగతావాళ్ళని గుమ్మం బయట నిలబెట్టావన్నమాట. ఎవర్ని నిలబెట్టావో జవాబు కింద రాయాలి. గోడకి అంటించే ప్రతి కాగితం కిందా ఆ లైను ఉండాల్సిందే."

మిగతావాళ్ళు బియ్యం ఎంతుంది, దీపాలెన్ని అని అడిగారు. నా మొదటి ప్రశ్న ఇది:

సెలెక్ట్ పేరు, వయసు, స్థితి ఫ్రమ్ జనం వేర్ పేరు = 'తుషార'

ఒక్క వరస వచ్చింది. తుషార, తొమ్మిది, లేదు.

టీచర్ నా వెనకే నిలబడి చదివారు. "బయట ఎవర్ని నిలబెట్టావు?" అన్నారు. "మిగతా అందర్నీ" అన్నాను. "సరే. రాసుకో" అన్నారు.

అనుమానం: ఆ గడిలో 'లేదు' అని ఎవరు రాశారు? నన్నెవరూ అడగలేదు.

వేసవి, 206వ రోజు

తుషార మా అమ్మాయి. ఇక్కడి వేసవి నాలుగు వందల రోజులు. అందులో నూట ఇరవై ఒకటో రోజున పోయింది. కాళ్ళలో తిమ్మిరితో మొదలై, నాలుక మొద్దుబారి, పదో రోజుకి గుండె ఆగింది. పుట్టుకతోనే గుండె బలహీనమై ఉంటుందన్నారు డాక్టర్ యాకూబ్. నిజమే కాబోలనుకున్నాం. డాక్టర్ మాట కాదని మేమేం అనగలం?

పిల్ల పోయాక మా ఆయన భద్రం మాట్లాడటం మానేశారు. గాలి గొట్టాలు బాగుచేసే పనికి వెళ్ళడం, రావడం, గోడవైపు తిరిగి పడుకోవడం. వాణి కంటే ముందే మా ఇంట్లో ఒకరు మూగబోయారు. నెల మాసికం దగ్గర పడుతుండగా ఒక ఉదయం తనంతట తనే లేచి, "పిల్ల పేరున చలివేంద్రం పెడదాం మణీ" అన్నారు. ఇరవై అయిదు రోజుల తర్వాత విన్న మొదటి మాట అది. నేనెందుకు కాదంటాను?

ఆయన తాతలు భూమి మీద కుమ్మర్లు. సారె తిప్పడం చేతికి వచ్చు. మూడో గొయ్యిలోంచి తెల్ల చారల ఎర్రమన్ను తెచ్చి పన్నెండు కుండలు చేశారు. కొలిమికి ఇచ్చే కరెంటు బొటాబొటి. అయినా సగం కాలిన కుండే బాగా చెమర్చి నీళ్ళని చల్లబరుస్తుందంటారు. 152వ రోజున వంటశాల ఎదురుగా పందిరి వేసి, కుండలకి తడిగుడ్డలు చుట్టి పెట్టాం.

మా కుళాయి నీళ్ళు గోరువెచ్చగా, ఇనప కంపు కొడతాయి. వేలిముద్ర వేస్తే కుళాయి తిరుగుతుంది, ఎవరు ఎన్ని పట్టారో దానంతటదే పట్టికలో పడుతుంది. మా కుండల్లో నీళ్ళు వేరు. గాలి గొట్టాల్లో చెమ్మ చేరి ఊరే నీటిని మా ఆయన వడగట్టి పోస్తారు. ఎవరి వంతూ కాదు కాబట్టి వాటిని ఎవరూ ఎక్కడా రాయరు. వంటశాలలో నేను పోసే మజ్జిగకీ చారుకీ అయితే సాక్షి వేలిముద్ర వేసి పట్టికలో ఎక్కించాలి. దానానికి లెక్కేమిటని చలివేంద్రం దగ్గర ఎక్కించలేదు.

పని దిగొచ్చినవాళ్ళు ముంత ఎత్తి గటగటా తాగి, "నీ బిడ్డ చల్లగా ఉండాలమ్మా" అనేసి, తర్వాత గుర్తొచ్చి నాలుక కరుచుకుంటారు. నాకు కోపం రాదు. మేమిద్దరం మాత్రం ఆ నీళ్ళు ముట్టం. దానమిచ్చింది మళ్ళీ మన నోట్లో పోసుకోకూడదని మా అత్తగారు చెప్పేవారు.

ఇవాళ అడిగింది పప్పు, చింతపండు బస్తాల లెక్క. అనుమానం: ఎవరో చింతపండు దొంగిలిస్తున్నారు. ఎవరో నాకు తెలుసు.

వేసవి, 211వ రోజు

ఊళ్ళో తిమ్మిరి జబ్బు. మొదటి మనిషి 192వ రోజున పడ్డాడు. ఇవాళ్టికి పందొమ్మిది మంది. నిన్న దీపాల విభాగంలో ఒకాయన పోయాడు. అందరిదీ ఒకటే వరస: కాళ్ళు, తర్వాత నాలుక. తుషారదీ ఇదే వరస. డాక్టర్ గారిని అడిగితే, "మీ అమ్మాయిది గుండె జబ్బమ్మా. ఇది అంటుజబ్బులా ఉంది" అన్నారు.

ఊరి కమిటీవాళ్ళు మా క్లాసు మీద పడ్డారు. పట్టికలన్నీ మీ దగ్గరే ఉన్నాయి కదా, కారణం వెతకండన్నారు. జబ్బు మొదలైంది 190 తర్వాత కాబట్టి అక్కడి నుంచి చూడమన్నారు. నా ప్రశ్నలన్నిటికీ అదే షరతు: వేర్ రోజు >= 190. 'బయట' అన్న లైనులో '190కి ముందు జబ్బు పడ్డవాళ్ళు' అని రాశాను.

టీచర్ గ్రూప్ బై నేర్పారు. కుప్పలు పోయడమే. కలిసిపోయిన పెసలూ మినుములూ వేరు చేసి, ఏ కుప్పలో ఎన్నో లెక్కపెట్టినట్టు. వంటావిడకి ఇది నేర్పాలా? పని ప్రకారం కుప్పలు పోశాను, వయసు ప్రకారం పోశాను, ఇంటి వరస ప్రకారం పోశాను. ఏ కుప్పా మిగతావాటి కంటే ఎత్తుగా లేవలేదు.

అనుమానం: నేను తప్పు గింజల్ని ఏరుతున్నానేమో.

వేసవి, 217వ రోజు

ఇవాళ పాఠం నల్. అంటే ఖాళీ గడి.

నేను దాన్ని సున్నా అనుకుని కూడికలో కలిపేశాను. టీచర్ పలక లాక్కుని తుడిచేశారు. "ఖాళీ అంటే సున్నా కాదు అమ్మాయ్. సున్నా అంటే ఒకరెవరో కూర్చుని లెక్కపెట్టి, ఏమీ లేదని తేల్చారని. ఖాళీ అంటే అసలెవరూ లెక్కే పెట్టలేదని."

తర్వాత '= నల్' అని రాశాను. ఒక్క వరసా రాలేదు. ఖాళీ దేనితోనూ సమానం కాదట, ఇంకో ఖాళీతో కూడా. ఈజ్ నల్ అని అడగాలట.

"అదేంటండీ, రెండూ ఖాళీలేగా?"

"నీ పిల్ల పోయింది. మా ఆయనా పోయాడు. నీదీ నాదీ ఒకటేనా?" అన్నారు. ఇంకెవరైనా అలా అంటే లేచి వెళ్ళిపోదును. ఆవిడ అంటే ఏడుపొచ్చింది, కాస్త తేలిగ్గా కూడా అనిపించింది. క్లాసు అయ్యాక ఇద్దరం పందిరి దాకా నడిచాం. ఆవిడ రోజూ క్లాసుకి ముందొక ముంత, తర్వాతొక ముంత తాగుతారు. "మీ ఆయన చేతిలో ఏముందో గానీ, ఈ నీళ్ళ కోసమే నేను పాఠం చెప్తున్నాను" అన్నారు. అది విని భద్రం నవ్వారు. నిజంగా, పళ్ళు కనిపించేలా.

వేసవి, 222వ రోజు

హైమవతి టీచర్ మంచాన పడ్డారు. నిన్న సుద్దముక్క వేళ్ళలోంచి జారిపోతుంటే వయసనుకున్నాం. ఇవాళ కాళ్ళు నిలవలేదు. నాలుక మందంగా తిరుగుతోంది.

ఆవిడకి పిల్లల్లేరు. పొద్దున్నా సాయంత్రం నేనే వెళ్తున్నాను. గంజి పోసి, మంచం దులిపి, మన కుండలోంచి చెంబుడు నీళ్ళు తీసుకెళ్ళి పక్కన పెట్టి వస్తున్నాను. కుళాయి నీళ్ళు ఆవిడ గొంతు దిగడం లేదు. తుషార కూడా ఇలాగే చేసేది.

కారణం దొరక్కపోతే ఈవిడా పోతుంది. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. నన్ను మళ్ళీ మనుషుల్లో కూర్చోబెట్టింది ఈవిడే. ఈవిణ్ణి పోనివ్వను.

వేసవి, 226వ రోజు

జాయిన్ నా అంతట నేనే రాశాను. టీచర్ పాత నోట్సు చూసి. ఒక పట్టికలో జబ్బు పడ్డవాళ్ళు, ఇంకో పట్టికలో వాళ్ళు పట్టిన నీళ్ళు. పేరుకి పేరు జతపెట్టి, జబ్బుకి ముందు పది రోజుల్లో ఎవరు ఏ కుళాయి దగ్గర పట్టారో అడిగాను.

పదకొండు మంది వచ్చారు. అందులో ఏడుగురు నాలుగో కుళాయి వాళ్ళే!

పరుగున వెళ్ళి కాగితం గోడకి అంటించాను. కమిటీవాళ్ళు గంటలో నాలుగో కుళాయికి తాళం వేశారు. నన్ను చూసి నలుగురూ లేచి నిలబడ్డారు. వంటావిడ కనిపెట్టిందన్నారు. గర్వపడ్డాను, అబద్ధమెందుకు?

నాలుగో కుళాయి వీధివాళ్ళంతా ఇప్పుడు మన పందిరికే వస్తున్నారు. భద్రం ఇంకో ఆరు కుండలు చేస్తున్నారు. సారె తిప్పుతూ ఏదో పాట కూనిరాగం తీస్తుంటే గుమ్మంలోనే నిలబడి విన్నాను.

అనుమానం: లేదు. దొరికింది.

వేసవి, 231వ రోజు

నాలుగో కుళాయి మూసి అయిదు రోజులు. జబ్బు తగ్గలేదు. ముప్ఫై ఒక్కరు ముప్ఫై ఎనిమిది మంది అయ్యారు. మొన్న ఇంకొకామె పోయింది, ఇద్దరు చిన్నపిల్లల తల్లి.

పొద్దున టీచర్ దగ్గర కూర్చుని నా జాయిన్ చదివి వినిపించాను. ఆవిడకి మాట రావడం లేదు. ఎడమ చేత్తో పలక అందుకుని వంకరటింకరగా రాశారు: 'జబ్బు ఎందరికి? జవాబులో ఎందరు?'

"అప్పటికి ముప్ఫై ఒక్కరండీ. వచ్చింది పదకొండు మంది."

'మిగతా ఇరవై?'

క్లాసులో వందసార్లు చెప్పారు, జతపెట్టే ముందొక లెక్క, పెట్టాక ఒక లెక్క అని. దొరికిందన్న సంబరంలో లెక్కపెట్టనే లేదు. ఉత్త జాయిన్ అంటే రెండు వైపులా ఉన్నవాళ్ళే వస్తారు. నీళ్ళ పట్టికలో వరస లేనివాళ్ళు చప్పుడు లేకుండా రాలిపోతారు. ఆవిడ పలక తుడిచి రెండే మాటలు రాశారు: 'లెఫ్ట్ జాయిన్'.

తెర దగ్గరికి వెళ్ళి అలాగే అడిగాను. జబ్బు పడ్డవాళ్ళు అందరూ రావాలి, నీళ్ళ వరస ఉన్నా లేకపోయినా. ముప్ఫై ఎనిమిది మందీ వచ్చారు. ఇరవై ఏడుగురికి కుళాయి గడి ఖాళీ. మిగతా పదకొండు మందివీ అరకొర నీళ్ళే.

మొదట పట్టిక పాడైందనుకున్నాను. ఈ ఎండలో పది రోజులు నీళ్ళు లేకుండా ఎవరు బతుకుతారు? పేర్లు ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్ళాను. దీపాల విభాగం ఆయన. గొట్టాల దగ్గర పనిచేసే అన్నదమ్ములు. ఇద్దరు పిల్లల తల్లి. హైమవతి టీచర్. ఒక్కొక్కరి మొహం గుర్తొచ్చింది, ముంత ఎత్తి తాగుతూ. వాళ్ళకి నీళ్ళు పోసింది నా చెయ్యే.

పందిరి దాకా ఎలా పరిగెత్తానో తెలియదు. క్యూలో ఉన్నవాళ్ళ చేతుల్లోంచి ముంతలు లాక్కుని నేల మీద పారబోశాను. పిచ్చెక్కిందనుకున్నారు. అక్కణ్ణుంచి టీచర్ దగ్గరికి పరిగెత్తాను. మంచం పక్కన పొద్దున నేను పెట్టిన చెంబు సగం ఖాళీ అయి ఉంది. దాన్నీ పారబోసి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి చెప్పాను. టీచర్ ఎడమ చెయ్యి నా తల మీద ఉంచారు. తర్వాత పలక తీసుకుని నా ప్రశ్న చివర ఉన్న షరతు చూపించి రాశారు: '190 ఎందుకు?'

కమిటీవాళ్ళు చెప్పారండీ, అనబోయాను. 190కి ముందు జబ్బు పడ్డవాళ్ళని బయట నిలబెట్టానని నా చేత్తో నేనే ప్రతి కాగితం కిందా రాశాను. వాళ్ళెవరని ఒక్కసారీ ఆలోచించలేదు.

మొదటి కుండ చలివేంద్రానికి చేసింది కాదు. తుషార కుళాయి నీళ్ళు కంపని తాగడం మానేస్తే, 76వ రోజున వాళ్ళ నాన్న అదే మన్నుతో ఒక చిన్న కూజా చేసి, గొట్టం నీళ్ళు పోసి ఇచ్చారు. ఇంకెవర్నీ ముట్టనిచ్చేది కాదు. "నాన్న కుండ" అనేది. ఆ రోజు నుంచి దానికి వేరే నీళ్ళు నచ్చలేదు.

ఇవాళ్టి మూడో ప్రశ్న మిగిలి ఉంది. షరతు తీసేసి అడిగాను. ముప్ఫై తొమ్మిదో వరస వచ్చింది. తుషార, 112వ రోజు, తిమ్మిరి. కుళాయి గడి ఖాళీ.

వేసవి, 232వ రోజు

డాక్టర్ యాకూబ్ కుండ పెంకు ఒకటి, కుండ నీళ్ళు ఒక సీసా, గొట్టం నీళ్ళు ఒక సీసా తీసుకెళ్ళారు. మధ్యాహ్నానికల్లా చెప్పారు. గొట్టం నీళ్ళు శుభ్రం. మూడో గొయ్యి మట్టిలో తెల్ల చారలు ఒక రకం ఉప్పు, విషం. బాగా కాల్చి ఉంటే మాడిపోయేదట. సగం కాల్పుకి అలాగే ఉండి నీళ్ళలోకి దిగుతోంది. మానేస్తే చాలామంది తేరుకుంటారన్నారు. చివర్లో నా మొహంలోకి చూడకుండా, "అమ్మా, మీ అమ్మాయి విషయంలో నేను..." అన్నారు. "తెలుసండీ. మా ఆయనకి మాత్రం చెప్పకండి" అన్నాను.

గోడకి కాగితం అంటించాలి. కారణం తెలియకపోతే ఎవరో ఒకరు ఇంట్లో దాచుకున్న కుండలోంచి తాగుతారు. రాయక తప్పదు. రాస్తే ఆయన చదువుతారు. చలివేంద్రం వల్ల ఇద్దరు పోయారని తెలిస్తేనే మనిషి నిలబడగలడో లేదో. ఆ కూజా సంగతి తెలిస్తే ఇంకేం మిగులుతుంది? పిల్లని ఎలాగూ తేలేను. ఈయన్నయినా ఉంచుకోవాలి.

అందుకని షరతు మళ్ళీ పెట్టాను. వేర్ రోజు >= 190. ముప్ఫై ఎనిమిది పేర్లు. కుండ నీళ్ళు ఎవరూ తాగవద్దని పెద్ద అక్షరాలతో రాశాను. కింద 'బయట' అన్న లైను దగ్గర కలం ఆగిపోయింది. అబద్ధం రాయలేను, నిజమూ రాయలేను. ఖాళీగా వదిలేశాను.

ఆయనకి కుండల సంగతి నేనే చెప్పాను. విన్నారు. లేచి పందిరి వైపు వెళ్ళారు.

వేసవి, 233వ రోజు

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు, ఏడాది పని దుడ్డుకర్రకి ఒక్క దెబ్బ. పొద్దున పద్దెనిమిది కుండల్నీ మా ఆయనే పగలగొట్టారు. ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. జనం దూరంగా నిలబడి చూశారు. చనిపోయినామె భర్త కూడా వచ్చాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. వంగి పెంకులు ఏరి బుట్టలో వేశాడు. భద్రం అతని చేతులు పట్టుకున్నారు.

పెంకులన్నీ ఎత్తేశాక ఆయన వంటశాల గోడ దగ్గరికి వెళ్ళి కాగితం ముందు నిలబడ్డారు. నేను గిన్నెలు తోముతూ చూస్తూనే ఉన్నాను. ఎంతసేపటికీ కదలలేదు. చివరికి నేనే వెళ్ళాను.

"ఈ లైను ఖాళీగా ఉందేం?" అన్నారు.

"మర్చిపోయానండి."

"నువ్వు కూరలో ఉప్పు మర్చిపోతావు. ఇలాంటివి మర్చిపోవు." కాగితం మీద వేలు అలాగే ఉంచారు. "మొన్న కుళాయి కాగితం కింద రాశావుగా. 190కి ముందువాళ్ళని."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"మొదటి కుండ ఎవరికి చేశానో నాకు తెలీదా మణీ? పద్దెనిమిదో కుండ పగలగొట్టాక ఇంకా ఒకటుండాలి కదా అని తట్టింది. పిల్లని బయట నిలబెట్టకు. ఇప్పటికే ఒక్కతే ఉంది."

నా ఏడుపు ఊరంతా విన్నది. విననీ.

వేసవి, 234వ రోజు

ఉదయం ఇద్దరం తెర దగ్గరికి వెళ్ళాం. ఆయన ఇంట్లో గూట్లో ఉన్న కూజా తెచ్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను షరతు తీసేసి అడిగాను. ముప్ఫై తొమ్మిదో వరస చూపించాను. తర్వాత తుషార ఒక్కదాని నీళ్ళు అడిగాను. 75వ రోజు దాకా కుళాయి వరసలున్నాయి. 76 నుంచి 121 దాకా నలభై ఆరు రోజులు, ఒక్క వరసా లేదు.

"ఇవి ఖాళీగానే ఉండిపోతాయా?" అని అడిగారు.

సాక్షి ఉంటే ఎక్కించవచ్చని చెప్పాను, మజ్జిగకీ చారుకీ నేను రోజూ చేసే పనే కదా. "అయితే రాయి. నేను సాక్షిని" అన్నారు. తెర వెనక కరెంటు చూసుకునే ఆమె రోజుకి మూడే అని చెప్పబోయి, మా మొహాలు చూసి బయటికి వెళ్ళి నిలబడింది.

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. "డెబ్భై ఆరు. ఒక ముంత. కొత్తమట్టి వాసన బాగుందంది." వాసన రాయడానికి గడి లేదండీ అన్నాను. "నీళ్ళే రాయి. నేను చెప్పుకుంటాను" అన్నారు. డెబ్భై ఏడు, రెండు ముంతలు, ఇంకోటి పెద్దది చెయ్యమంది. ఎనభై మూడు, ఒకటిన్నర, మిగతా సగం గూట్లో మొక్కకి పోసింది. తొంభై, మూడు ముంతలు, ఆ రోజు పరుగు పందెంలో రెండో స్థానం, మొదటొచ్చిన పిల్ల మోసం చేసిందని ఏడ్చింది. ఏ రోజు ఎంత తాగిందో ఆయనకి అన్నీ గుర్తున్నాయి. నాకు గుర్తులేనివి కూడా. ఒక్కో వరసకీ బొటనవేలు వేస్తూ వచ్చారు.

నూట పన్నెండు దగ్గర ఆగారు. ఆ రోజు నుంచి తుషార ముంత ఎత్తలేకపోయింది. అక్కణ్ణుంచి పది రోజులు చెంచాతో పట్టింది నేను. "ఇవి నేను చెప్తాను" అన్నాను. ఆరు చెంచాలు. నాలుగు. నాలుగు. రెండు. చివరి రోజు ఒకటే, అదీ మింగలేదు, పెదవి తడిసింది అంతే. అదీ రాశాను. ఆ పది వరసలకీ ఇద్దరం వేళ్ళు వేశాం.

చివరికి 'మూలం' అన్న గడి మిగిలింది. కుళాయి అంకె వేసే చోటు. ఏం రాయాలో తెలిసే ఆయన వైపు చూశాను. ఆయన కూజా అంచు తుడుస్తున్నారు.

"రాయి. అది ఏమనేదో అదే రాయి."

నలభై ఆరు వరసల్లోనూ రాశాను: నాన్న కుండ.

తిరిగి వస్తూ టీచర్‌ని చూశాం. కుళాయి నీళ్ళు మొహం చిట్లించుకుంటూ తాగుతున్నారు. కాలి వేళ్ళు కదిపి చూపించారు. గోడ కాగితం మీద ముప్ఫై తొమ్మిదో పేరు చేర్చి, 'బయట' లైనులో 'ఎవరూ లేరు' అని రాశాను. ఇంటికొచ్చాక భద్రం కూజాని గూట్లో బోర్లించారు. పగలగొట్టమని నేను అనలేదు.

అడిగింది: సెలెక్ట్ కౌంట్ ఫ్రమ్ నీళ్ళు వేర్ పేరు = 'తుషార' అండ్ మూలం ఈజ్ నల్

వచ్చింది: సున్నా. కూర్చుని లెక్కపెట్టి చెప్పిన సున్నా.

బయట నిలబెట్టింది: మిగతా అందర్నీ.

అనుమానం: లేదు.